త్రాసు ఎవరి చేతిలో ఉంది?

 

కొంతకాలం క్రితం ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని మస్జిద్ నుండి బయటికి వస్తుండగా నలుగురు యువకులు మమ్మల్ని ఆపారు. అంతకు వారం రోజుల క్రితం మొహల్లాలో ఆరేళ్ళ పిల్లవాడిని వీధి కుక్క కరిచింది. పిక్క మీద లోతైన గాయమయింది. ఇంట్లోవాళ్ళు కంగారులో గాయానికి కారం, సున్నం అద్ది గుడ్డ చుట్టారు. పొరుగింటాయన చూసి కోప్పడి, ఆ కట్టు విప్పించి, సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగించి, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సూదిమందులన్నీ గడువు తప్పకుండా వేయించారు. అల్లాహ్ దయవల్ల పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు. కానీ మొహల్లాలో భయం మాత్రం పోలేదు. ఫజ్ర్ నమాజుకు చీకట్లో వచ్చే వృద్ధులు కర్ర లేకుండా బయలుదేరడం మానేశారు.

“మౌలానా సాబ్! మాంసంలో విషం కలిపి పెడితే రెండు రాత్రుల్లో వీధులు ఖాళీ అవుతాయి. చందా కూడా పోగైంది. షరీఅత్ ప్రకారం ఇందులో తప్పేమీ లేదు కదా?” అని వారిలో పెద్దవాడు అడిగాడు.

అతని పక్కనున్న కుర్రవాడు డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాడు. అతని ప్రశ్న ఇంకొంచెం లోతుగా ఉంది. “అల్లాహ్ ప్రతిదానికీ సమతూకం పెట్టాడని మీరే చెబుతారు. కుక్కలు మితిమీరి పెరిగిపోయాయి. అడవిలో జింకలు పెరిగితే పులి తగ్గిస్తుంది. ఇక్కడ పులి లేదు. మరి ఆ పని మేము చేస్తే త్రాసును సరిచేసినట్లే కదా?”

మొదటి ప్రశ్నకు జవాబు ఆ రాత్రే చెప్పాము. రెండవ ప్రశ్న మాత్రం చాలా రోజులు మమ్మల్ని వెంటాడింది. సమతూకం మరణంతోనే నిలుస్తున్నట్లయితే, చంపడం పుణ్యకార్యం అవుతుందా? అసలు ఆ త్రాసు ఎవరి చేతిలో ఉంది? ఈ విషయాన్ని పాఠకులతో కలిసి కాస్త నిదానంగా యోచించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రతిదానికీ ఒక కొలత

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలే సూక్ష్మజీవి ఒకటి ఉందనుకోండి. దానికి ఆహారం, చోటు ఎప్పటికీ తరగవనుకోండి. పది గంటలు గడిచేసరికి ఆ ఒక్క జీవి 107 కోట్లు దాటుతుంది. మన చెరువుల్లో పెరిగే శీలావతి చేప సంగతి చూడండి. ఒక్క ఆడచేప లక్షల గుడ్లు పెడుతుంది. అవన్నీ పిల్లలై, ఆ పిల్లలన్నీ పెరిగి మళ్ళీ గుడ్లు పెడితే కొన్ని తరాలకే చెరువులో నీటికి చోటుండదు. కానీ అలా జరగడం లేదు. చెరువులో చేపల సంఖ్య ఏటేటా ఇంచుమించు ఒకేలా ఉందంటే అర్థమేమిటి? ఆ జంట జీవితకాలంలో పెట్టిన లక్షలాది గుడ్లలో సగటున రెండే పెరిగి పెద్దవై తల్లిదండ్రుల స్థానాన్ని నింపుతున్నాయన్న మాట. మిగిలినవన్నీ ఎవరో ఒకరికి ఆహారమవుతున్నాయి. కప్పకు, కొంగకు, పెద్ద చేపకు, నీటి పురుగుకు, చివరకు మనిషికి.

ప్రతి జీవికీ పెరిగే శక్తి ఉంది. ఆ శక్తికి నాలుగు వైపులా కట్టలున్నాయి. ఆహారం ఒక కట్ట. ఉండే చోటు ఇంకొకటి. రోగం మరొకటి. వేటాడి తినే జీవి నాలుగవది. సంఖ్య పెరిగేకొద్దీ ఈ కట్టల ఒత్తిడి కూడా పెరుగుతుంది. గుంపు పెద్దదైతే ఒక్కొక్కదానికి దొరికే మేత తగ్గుతుంది, రోగం త్వరగా అంటుకుంటుంది, వేటాడే జీవికి ఆహారం సులభంగా చిక్కుతుంది. సంఖ్య తగ్గితే ఒత్తిడి సడలి మళ్ళీ పెరుగుదల మొదలవుతుంది.

ఈ త్రాసు కదలకుండా నిలిచి ఉండేది కూడా కాదు. కెనడా అడవుల్లో కుందేళ్ళు, వాటిని తిని బతికే లింక్స్ అనే అడవిపిల్లి సుమారు పదేళ్ళకొకసారి పెరిగి తగ్గుతూ ఉంటాయి. హడ్సన్స్ బే కంపెనీ తరాల తరబడి కొన్న తోళ్ళ లెక్కల వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. ముందు కుందేళ్ళు పెరుగుతాయి, వాటి వెనుక లింక్స్ పెరుగుతుంది. కుందేళ్ళు తగ్గుతాయి, వాటి వెనుక లింక్స్ తగ్గుతుంది. త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగుతుంది గాని హద్దు దాటిపోదు.

దివ్య ఖుర్ఆన్ చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. అల్లాహ్ ఆకాశాన్ని పైకెత్తి త్రాసును నెలకొల్పాడనీ, మనుషులు ఆ తూకంలో అతిక్రమించరాదనీ సూరా అర్రహ్మాన్ (55: 7-9) హెచ్చరిస్తోంది. భూమిలో ప్రతి వస్తువునూ తూచినట్లుగా మొలిపించామని, ప్రతిదాని ఖజానాలూ తన వద్దనే ఉన్నాయని, నిర్ణీత కొలత ప్రకారమే వాటిని దింపుతున్నామని సూరా అల్‌హిజ్ర్ (15: 19-21) తెలియజేస్తోంది.

మన పూర్వీకులు కూడా ఈ విషయంపై దృష్టి సారించారు. హిజ్రీ 255లో మరణించిన బస్రా పండితుడు అల్‌జాహిజ్ తన ‘కితాబుల్ హయవాన్’ అనే బృహద్గ్రంథంలో ఒక జీవి తనకంటే బలహీనమైనదాన్ని వేటాడటం, తనకంటే బలమైనదానికి భయపడి దాక్కోవడం గురించి రాశాడు. ఒకదాని ఆకలి మరొకదాని హద్దు అన్న సంగతిని ముస్లిం పండితులు పన్నెండు వందల ఏళ్ళ క్రితమే గమనించారన్న మాట.

వేటగాడు లేని దీవి

మరి వేటాడే జీవులు అసలే లేకుంటే లోకం మరింత దయగా ఉండేది కాదా? జింకను పులి చీల్చే దృశ్యం టీవీలో చూసి కళ్ళు మూసుకునే మన పిల్లలు తరచు అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పగల దీవి ఒకటుంది.

అలాస్కాకు పశ్చిమాన, బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. అక్కడ మనుషుల నివాసం లేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, అమెరికా తీర రక్షక దళం వారు అక్కడ 29 రెయిన్‌డీర్లను దించారు. ఇవి మంచు ప్రాంతాల్లో ఉండే ఒక రకం దుప్పులు. దీవిలోని తమ సిబ్బందికి ఆహారం కరువైతే పనికొస్తాయన్నది వారి ఉద్దేశం. యుద్ధం ముగిసింది, సిబ్బంది వెళ్ళిపోయారు, దుప్పులు మిగిలాయి. తోడేలు లేదు. వేటగాడు లేడు. నేలంతా ఏళ్ళ తరబడి దట్టంగా పెరిగిన నాచువంటి మేత. 1957 నాటికి ఆ 29 కాస్తా 1,350 అయ్యాయి. 1963 నాటికి 6,000 అయ్యాయి.

ఆ తరువాత వచ్చిన శీతాకాలం చాలా కఠినంగా గడిచింది. అప్పటికే మేత అడుగంటింది. ఆ మేత మళ్ళీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. 1966లో శాస్త్రజ్ఞులు వెళ్ళి చూసేసరికి నేలంతా ఎముకలు. బతికినవి 42 మాత్రమే. వాటిలో 41 ఆడవి. మగది ఒక్కటే, అదీ సంతానానికి పనికిరాని స్థితిలో ఉంది. పిల్ల ఒక్కటీ లేదు. 1980వ దశకం వచ్చేసరికి ఆ దీవిలో రెయిన్‌డీర్ అన్నదే లేకుండా పోయింది.

దయతో ఆలోచించండి. ఆ దీవిలో ఏ దుప్పినీ ఏ తోడేలూ చీల్చలేదు. అయినా వేలాది దుప్పులు ఆకలితో, చలితో నిలువునా కూలిపోయాయి. వేట లేకపోవడం వల్ల మరణం తప్పలేదు. ఏటా కొద్దికొద్దిగా రావలసిన మరణం ఒక్కసారిగా మందనంతటినీ ఊడ్చివేసింది. పైగా నేలను కూడా గుల్ల చేసింది. అడవిలో వేటాడే జంతువుకు ఎక్కువగా చిక్కేది ముసలిదో, రోగిష్టిదో, పసిదో. మిగిలిన మందకు మేత మిగులుతుంది, రోగం వ్యాపించకుండా ఆగుతుంది. పులి కోర జింక జాతికి శత్రువులా కనిపిస్తుంది. కానీ ఆ జాతి మేతకు కాపలా కాస్తున్నది కూడా ఆ కోరే.

మరి ఆ ఒక్క జింక సంగతేమిటి?

ఇక్కడ ఆగిపోతే మన జవాబు సగమే అవుతుంది. మంద బాగుపడింది, నిజమే. మరి పులి నోట చిక్కిన ఆ ఒక్క జింకపిల్ల మాటేమిటి? దాని బాధను లెక్కల్లో కలిపేసి చేతులు దులుపుకోవచ్చా? ప్రకృతిని మాత్రమే నమ్మేవాడు ఇక్కడ మౌనం వహించవలసిందే. జాతి నిలిచింది కదా, ఒక ప్రాణి పోతే ఏమి అనడం తప్ప అతని దగ్గర మరో మాట లేదు.

విశ్వాసి దగ్గర ఇంకొక మాట ఉంది. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యతా అల్లాహ్‌దేననీ, దాని నివాసమూ, చివరకు అది చేరే చోటూ ఆయనకు తెలుసనీ సూరా హూద్ (11: 6) చెబుతోంది. ప్రతి జాతి అని కాదు, ప్రతి ప్రాణి అని. ప్రళయదినాన హక్కులన్నీ హక్కుదారులకు చెల్లించబడతాయనీ, చివరకు కొమ్ములున్న మేక పొడిచినందుకు కొమ్ములు లేని మేకకు కూడా న్యాయం జరుగుతుందనీ దైవప్రవక్త (స) తెలిపారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

సోదరులారా! ఈ హదీసు ముందు కాసేపు నిలబడండి. రెండు మేకల మధ్య జరిగిన చిన్న పొడుపు కూడా ఎక్కడో నమోదై ఉంది! మందకు మేలు చేసే వివేకం ఒక వైపు, ఒక్కొక్క ప్రాణికి అందే న్యాయం మరో వైపు. ఈ రెంటినీ కలిపి చూడగలిగినవాడే త్రాసు పట్టుకోవడానికి అర్హుడు. మనకు మంద లెక్కే సరిగా తెలియదు. ఒక్కొక్క ప్రాణి లెక్క అసలే తెలియదు.

రాబందులు వెళ్ళిపోయాక

మనకు లెక్క తెలియదన్న సంగతి వేరే దేశపు దీవిలో వెతకనక్కరలేదు. మన ఊళ్ళ పొలిమేరల్లోనే కనిపిస్తుంది. మా మస్జిద్‌లో తోళ్ళ వ్యాపారం చేసి వృద్ధులైన ఒక చాచా ఉన్నారు. ఆ యువకుల మాటలు విని ఆయన ఇలా అన్నారు: “మా వయసులో ఎద్దు చస్తే ఊరి బయట పడేసి, తోలు ఒలుచుకొని వచ్చేవాళ్ళం. మేము ఇల్లు చేరేలోపే రాబందులు దిగేవి. మర్నాటికి ఎముకలే. ఇప్పుడు రాబందు ఎలా ఉంటుందో నా మనవళ్ళకు తెలియదు.”

చాచా చెప్పింది అక్షరాలా నిజం. 1980వ దశకంలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. 1990వ దశకంలో అవి ఉన్నట్టుండి మాయం కాసాగాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు మొట్టమొదట ఈ ప్రమాదాన్ని లెక్కలతో సహా చూపించారు. 1992 నుండి 2007 నాటికి తెల్లవీపు రాబందుల్లో వెయ్యింటికి 999 పోయాయి. మరి రెండు జాతులు నూటికి 97 దాకా తగ్గాయి.

కారణం ఏమిటో చాలాకాలం తెలియలేదు. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన దాన్ని బయటపెట్టింది. నొప్పులకు మనం కూడా వాడే డైక్లోఫెనాక్ అనే మందే ఆ కారణం. అది చవకగా దొరకడం మొదలయ్యాక పశువులకు విరివిగా వాడసాగారు. ఆ మందు ఇచ్చిన పశువు త్వరలోనే చనిపోతే, దాని కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి కొద్ది రోజుల్లో మరణించేది. నూరు కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువలో ఆ మందు ఉన్నా చాలు, రాబందుల జాతి కూలిపోతుందని లెక్క తేలింది. ఎందుకంటే ఒక్క కళేబరంపై పదుల సంఖ్యలో వాలతాయి. పైగా రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పుట్టిన పిల్ల గుడ్డు పెట్టే వయసుకు రావడానికి దాదాపు ఐదేళ్ళు పడుతుంది. నిదానంగా పెరిగే జాతికి నష్టాన్ని పూడ్చుకునే వ్యవధి ఉండదు.

రాబందుల ఆహారం మాత్రం పోలేదు. కళేబరాలు ఊరి బయట కుళ్ళుతూ పడి ఉన్నాయి. ఆ రిజ్క్ ఖాళీగా ఉండలేదు, కుక్కల పాలయింది. కుక్క ఒక్క ఈతలోనే అనేక పిల్లల్ని కంటుంది. 1992-2006 మధ్య రాబందులు లేకపోవడం వల్ల దేశంలో అదనంగా పెరిగిన కుక్కలు సుమారు 55 లక్షలనీ, వాటివల్ల రేబిస్ సోకి అదనంగా మరణించినవారు సుమారు 48,000 మంది అనీ 2008లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కుళ్ళిన కళేబరాల వల్ల నీరు కలుషితం కావడం వంటివన్నీ కలుపుకొని, 2000-2005 మధ్య ఐదేళ్ళలో అదనంగా ఐదు లక్షల మంది మరణించి ఉంటారని 2024లో వెలువడిన మరో అధ్యయనం అంచనా.

ఇందులో దోషి ఎవరు? తన ఎద్దు బాధ చూడలేక సూది వేయించిన రైతా? అతడు చేసింది దయాకార్యమే. తెలియక జరిగినదానికి అల్లాహ్ పట్టుకోడు. కానీ తెలిసిన తరువాత? 2006లో మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ తయారీని నిషేధించింది. మెలాక్సికామ్ అనే సురక్షితమైన మందు అందుబాటులో ఉంది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను దొంగచాటుగా పశువులకు వాడటం కొనసాగింది. అందుకే 2015లో ఆ పెద్ద సీసాలను కూడా నిషేధించవలసి వచ్చింది. మొదటిది అజ్ఞానం. రెండవది పాపం. భూమిలోనూ, సముద్రంలోనూ మనుషుల చేతుల సంపాదన వల్లనే కల్లోలం చెలరేగిందనీ, వారు మరలి రావాలనే వారి చేష్టల రుచి కొంత చూపబడుతోందనీ సూరా అర్రూమ్ (30: 41) తెలియజేస్తోంది. మరలి రావడమంటే తెలిసిన తరువాత మానుకోవడమే.

మనిషి పులి కాడు

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. పులి చేసే పని మేము చేస్తే తప్పేమిటి అన్నాడు కదా.

పులికి ఆకలి ఉంది. ఆకలి తీరితే ఆగిపోతుంది. దానికి ఆజ్ఞలు లేవు, ప్రశ్నోత్తరాలు లేవు. షరీఅత్ భాషలో చెప్పాలంటే అది ముకల్లఫ్ కాదు. మనిషి ముకల్లఫ్. అతనికి బుద్ధి ఇవ్వబడింది, దానితో పాటు జవాబుదారీ కూడా ఇవ్వబడింది. పులి త్రాసులో ఒక తూకపు రాయి. మనిషి అయితే ఆ త్రాసును పాడుచేయవద్దని ఆజ్ఞాపించబడినవాడు. తూకపు రాయి చేసేది చూసి, నేనూ అదే చేస్తాను అనడం తన స్థానాన్ని మరచిపోవడమే.

ఇదే తప్పు మరో రూపంలో కూడా జరుగుతుంది. దుప్పుల లెక్కను మనుషులకు అంటగట్టేవారున్నారు. జనాభా ఆహారం కంటే వేగంగా పెరుగుతుందని 1798లో ఇంగ్లాండుకు చెందిన మాల్థస్ రాశాడు. ఆ మాటను పట్టుకొని, పేదలు ఆకలితో చావడం ప్రకృతి ధర్మమేనని వాదించేదాకా కొందరు వెళ్ళారు. కానీ రెయిన్‌డీర్లకు యూసుఫ్ (అలైహిస్సలాం) వంటివారు లేరు. పంట పండిన ఏడేళ్ళలో దాచి, కరువు వచ్చిన ఏడేళ్ళలో పంచే తెలివి వాటికి లేదు. వాటికి జకాత్ లేదు, సదఖా లేదు. మనిషికి ఇవన్నీ ఉన్నాయి. 1943 నాటి బెంగాల్ కరువులో లక్షలాది ప్రజలు చనిపోయింది దేశంలో ధాన్యం బొత్తిగా లేక కాదని, పేదలకు అది అందక అనీ అమర్త్య సేన్ తన పరిశోధనలో వాదించారు. దుప్పుల ఆకలి ప్రకృతి నియమం. మనుషుల ఆకలి చాలావరకు మనుషుల నేరం. పేదరికపు భయంతో సంతానాన్ని చంపవద్దనీ, వారికీ మీకూ ఉపాధినిచ్చేవాడు అల్లాహ్‌యేననీ సూరా బనీ ఇస్రాయీల్ (17: 31) ఆదేశించింది.

త్రాసును మేము సరిచేస్తామంటూ బయలుదేరినవారి గతి కూడా చరిత్రలో ఉంది. 1958లో చైనా ప్రభుత్వం ఎలుకలు, ఈగలు, దోమలతో పాటు పిచ్చుకలను కూడా శత్రువులుగా ప్రకటించింది. గింజలు తింటున్నాయన్నది వాటి నేరం. కోట్లాది జనం పళ్ళేలు, డప్పులు మోగిస్తూ వాలనివ్వకుండా తరిమి వాటిని చంపారు. గింజలు తిన్న ఆ పిచ్చుకే పురుగులను కూడా తినేదని ఆలస్యంగా తెలిసింది. పంటలపై పురుగుల దాడి పెరిగింది. 1960లో పిచ్చుకను ఆ జాబితా నుండి తీసేసి దాని చోట నల్లిని చేర్చారు. ఆ సంవత్సరాల ఘోరమైన కరువుకు వేరే కారణాలు ఎన్నో ఉన్నా, ఈ తప్పు కూడా దానికి తోడైంది.

కుక్కలు కూడా ఒక సముదాయమే

ఇక షరీఅత్ ఆదేశం. భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సముదాయాలేనని సూరా అల్‌అన్‌ఆమ్ (6: 38) చెబుతోంది. అరబీలో ‘ఉమమ్’ అనే పదం ఉంది. మనం దైవప్రవక్త ఉమ్మత్‌గా చెప్పుకునే ఆ ఉమ్మత్ పదానికే అది బహువచనం.

మదీనాలో ఒక దశలో కుక్కలను చంపమని దైవప్రవక్త (స) ఆదేశించిన మాట, తరువాత దాన్ని ఆపివేసిన మాట హదీసుల్లో ఉన్నాయి. ఆపివేయడానికి కారణం కూడా ఆయనే చెప్పారు. కుక్కలు సముదాయాల్లో ఒక సముదాయం కాకపోయి ఉంటే అన్నిటినీ చంపమని ఆదేశించి ఉండేవాడినని అన్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముగఫ్ఫల్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. అంటే హాని చేసినంత మాత్రాన ఒక సముదాయాన్ని నేలపై లేకుండా చేసే అధికారం మనకు లేదు.

అయితే ఇస్లాం మనిషి ప్రాణాన్ని తేలికగా తీసుకోలేదు. కాటువేసే కుక్కను చంపవచ్చని బుఖారీ, ముస్లిం హదీసుల్లో స్పష్టంగా ఉంది. ఆ అనుమతి కాటువేసే గుణానికి సంబంధించినది. కుక్కగా పుట్టినందుకు కాదు. ఒక ప్రవక్తను చీమ కుడితే ఆయన చీమల పుట్టనే కాల్పించారనీ, ఒక్క చీమ కుట్టినందుకు నన్ను స్తుతించే సముదాయాన్నే కాల్చావా అని అల్లాహ్ ఆయనను మందలించాడనీ హదీసులో ఉంది. ఒకదాని నేరానికి పుట్టనంతా శిక్షించరాదన్నదే అందులోని పాఠం.

విషం సంగతి ఇంకా తీవ్రమైనది. చంపవలసి వచ్చినా మేలైన విధంగా, బాధ తగ్గించి చంపాలన్నది దైవప్రవక్త (స) ఆదేశం. విషం తిన్న ప్రాణి గంటల తరబడి కొట్టుకుంటుంది. అదే మాంసాన్ని పిల్లి తింటుంది, కాకి తింటుంది, ఆ కళేబరాన్ని మిగిలిన నాలుగు రాబందుల్లో ఒకటి తిన్నా తినవచ్చు. వీధిలో ఆడుకునే పసివాడి చేతికి కూడా అందవచ్చు. ఒక హానిని అంతటి మరో హానితో తొలగించరాదన్నది ఫిఖ్హ్ పండితుల స్థిర నియమం. వీధి కుక్కలకు విషం పెట్టడం మన దేశ చట్టం ప్రకారం కూడా నేరమే. వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించి అదే ప్రాంతంలో వదలాలని 2023 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

పైగా విషం వల్ల పని జరగదు. ఎందుకో ఇప్పటివరకు చెప్పుకున్న లెక్కే చెబుతుంది. సంఖ్యను నిర్ణయించేది ఆహారం. ఇరవై కుక్కలకు చాలినంత తిండి వీధిలో పడి ఉన్నంతకాలం, పదిహేనింటిని చంపినా మిగిలిన ఐదు కడుపునిండా తిని పిల్లల్ని కంటాయి. పక్క వీధివి వచ్చి చేరతాయి. అలా వచ్చినవాటికి టీకాలు ఉండవు. కుక్కల్లో నూటికి 70 వంతులకు టీకా వేయిస్తే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చంపడం వల్ల ఆగుతుందని చెప్పడం లేదు.

మరి మా మొహల్లాలో ఆ తిండి ఎవరు పెడుతున్నారు? ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆ యువకులు తలవంచుకున్నారు. మాంసం కొట్ల వ్యర్థాలు కాలువ పక్కన. ఫంక్షన్ హాలులో వలీమా ముగిశాక బిర్యానీ, ఎముకలు గోడ వెనుక. బక్రీద్ రోజున పేగులు, పొట్టలు వీధి మలుపులో. ఖుర్బానీ అల్లాహ్ కోసం చేసి, దాని వ్యర్థాన్ని పొరుగువాడి వాకిట్లో వదిలేవాళ్ళం మనమే. పరిశుభ్రత విశ్వాసంలో సగం అన్న హదీసును మక్తబ్‌లో మేమే కంఠస్థం చేయిస్తాము. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం పుణ్యమని కూడా బోధిస్తాము. త్రాసును వంచిన చేయి కుక్కది కాదు, మనదే. నిజం చెప్పాలంటే ఇందులో మా తప్పు కూడా ఉంది. ఇన్నేళ్ళుగా ఖుర్బానీ మసాయిల్ చెప్పేటప్పుడు పశువు పళ్ళు, వయసు, వాటాల గురించి చెప్పాము గాని వ్యర్థాలను ఎక్కడ పూడ్చాలో ఒక్క మాట చెప్పలేదు.

ఆ చందా ఏమయింది?

విషం కోసం పోగైన డబ్బుతో మూతలున్న పెద్ద డ్రమ్ములు కొన్నారు. మాంసం కొట్ల సోదరులు తమ వ్యర్థాలను వాటిలో వేయడానికి, మునిసిపాలిటీ బండి వచ్చేదాకా మూతపెట్టి ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆ బక్రీద్‌కు ఊరి బయట లోతైన గొయ్యి తవ్వించారు. కుక్కలకు శస్త్రచికిత్స, టీకాల కోసం మునిసిపాలిటీ కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగారు. బండి వచ్చింది. అన్నీ చిక్కలేదు. ఇప్పటికీ వీధిలో కుక్కలు ఉన్నాయి, వృద్ధుల చేతుల్లో కర్రలూ ఉన్నాయి. కానీ రాత్రిపూట గుంపులు కట్టడం తగ్గింది. మక్తబ్ పిల్లలకు ఒక పాఠం చేర్చాము. కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి, కారం, సున్నం, ఆకుపసరు పెట్టరాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి సూదిమందులన్నీ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బతకరు. దుఆ చేయండి, కానీ సూది మానకండి. వైద్యం చేయించుకోమన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే.

రాబందులను తిరిగి తేవడానికి కూడా కొందరు శ్రమిస్తున్నారు. హర్యానాలోని పింజోర్‌లోనూ, మన హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ వాటి సంతతిని పెంచే కేంద్రాలు ఏర్పాటయ్యాయి. ఏడాదికి ఒక గుడ్డు లెక్కన పోయిన కోట్లు ఎప్పటికి తిరిగి వస్తాయో ఊహించండి. పాడుచేయడానికి పదిహేనేళ్ళు చాలాయి. బాగుచేయడానికి తరాలు కావాలి.

ప్రియ పాఠకులారా! త్రాసు అల్లాహ్ చేతిలో ఉంది. మనకు అప్పగించబడింది దాని పళ్ళెంపై అన్యాయంగా చేయి వేయకుండా ఉండే బాధ్యత. ఒక ప్రాణి మితిమీరి పెరిగినట్లు కనిపించినప్పుడు, దాన్ని ఎలా చంపాలి అని అడగడానికి ముందు, దాని పెరుగుదలకు మనం ఏమి వడ్డించాము, దాని హద్దును మనం ఎక్కడ తొలగించాము అని అడుగుదాం.

అల్లాహ్ మనకు తెలియక చేసిన తప్పులను క్షమించుగాక! తెలిసిన తరువాత మరలివచ్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆయన సృష్టిలోని ఏ ప్రాణీ ప్రళయదినాన మనపై ఫిర్యాదు చేయని విధంగా జీవించే సద్బుద్ధిని మనకూ, మన సంతానానికీ అనుగ్రహించుగాక! ఆమీన్.